చామరాజపేటలో చిన్నగుట్ట స్టేషను

చామరాజపేట, బెంగళూరు
14 జూన్ 1998

తమ్ముడు దామోదర్‌కు అక్క దీవెనలు.

మోకాలి నొప్పికి వేడినీళ్ల కాపడం పెట్టుకోమని వ్రాశావు. పెట్టుకుంటున్నాను. అయితే అది నా డెబ్బై ఏళ్ల వల్ల వచ్చిన నొప్పి కాదు. మేజాబల్ల కింద దూరి తీగలు లాగడం వల్ల వచ్చినది.

ఏ మేజా అని అడుగుతావు. ముందుగదిలోని సోఫాలు తీయించి, వడ్రంగి చిక్కమునియప్ప చేత పద్నాలుగు అడుగుల పొడవున బల్ల చేయించాను. మూడు ముక్కలుగా విడదీసి మళ్లీ బిగించుకోవచ్చు. కొలతలు చెప్పగానే అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది మంచమా అమ్మా, మేజానా? ఎంతమంది పండుకొనేది దీనిమీద?" అన్నాడు. "ఒక రైల్వే స్టేషను" అన్నాను. కాసేపు ఆలోచించి, "అట్లయితే కాళ్లు ఎనిమిది పెడతా. స్టేషనంటే బరువు ఉంటాది కదా" అన్నాడు. ఈ ఊళ్లో నన్ను ఒక్క అనవసరపు ప్రశ్న కూడా అడగని మనిషి అతనొక్కడే.

ఆ స్టేషను మన చిన్నగుట్ట. నాన్న పదకొండేళ్లు స్టేషను మాస్టరుగా ఉన్న చోటు. గేజి మార్చి వెడల్పు పట్టాలు వేసినప్పుడు దాన్ని మూసివేశారనీ, భవనం కూడా పడగొట్టారనీ నిరుడు నువ్వే తెలియజేశావు. అప్పుడు నేను జవాబులో ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు చెబుతున్నాను: దాన్ని నేను తిరిగి కడుతున్నాను, అసలులో ఎనభై ఏడో వంతు కొలతతో. ఇంజను నా అరచేతిలో పడుతుంది. నడిపించేది పన్నెండు వోల్టుల కరెంటు. ఒక పట్టాలోంచి వచ్చి, ఇంజను మోటారులోంచి దిగి, రెండో పట్టాలోంచి వెనక్కి పోతుంది.

ఇక్కడి చిన్నరైళ్ల సంఘం వారి ప్రదర్శన డిసెంబరు పన్నెండు, పదమూడు తేదీలలో జయనగరంలో జరుగుతుంది. దరఖాస్తు ఇచ్చి వచ్చాను. అక్కడి మనిషి, "మీవారు చేశారా అమ్మా, మీ అబ్బాయి చేశాడా?" అని అడిగాడు. "నాకు ఆ ఇద్దరూ లేరు, చేతులు మాత్రం రెండున్నాయి" అన్నాను. 'నిర్మాత' అన్న చోట కె. తులసమ్మ, బి.ఎస్సీ. అని నా చేత్తోనే వ్రాశాను. బండి మనిషి చేయి తగలకుండా వెళ్లి తిరిగి రావాలన్నది వారి షరతు. పేరు ఇచ్చాను గనుక రప్పించి తీరాలి.

నీ నుంచి నాకు సాయం వద్దు, సమాచారం కావాలి. ఇంజనుకు నీళ్లు పట్టే గొట్టం ప్లాట్‌ఫారానికి ఏ కొసన ఉండేది? నాకు తూర్పు అనిపిస్తున్నది. నాన్న గదికి కిటికీలు రెండా, మూడా?

అక్క
తులసమ్మ


గుంతకల్లు
23 జూన్ 1998

అక్కకు దామోదర్ నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నవ్వు వచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. నీళ్ల గొట్టం పడమటి కొసన ఉండేది. నువ్వు దాని కింద నిలబడి తడిసి, అమ్మ చేత దెబ్బలు తిన్నావు. దెబ్బలు గుర్తున్నాయి గానీ దిక్కు గుర్తులేదా? కిటికీలు మూడు. మూడోదానికి అద్దం ఉండేది కాదు, అట్ట ఉండేది.

రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున స్టేషనుకు వెళ్లి బెంచీ మీద కూర్చుని వస్తున్నాను. ముప్పై ఎనిమిదేళ్లు ఈ పట్టాల బాగోగులు చూస్తూ నడిచిన వే ఇన్‌స్పెక్టరునని కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. నిన్న ఒకడు, "పెద్దాయనా, బండి ఏదన్నా ఎక్కాల్నా?" అని అడిగాడు.

నీ బండి తిరిగి రావడానికి ఉపాయం చెబుతాను. లైను కొసన పట్టాను గుండ్రంగా తిప్పి, బయలుదేరిన పాయింటుకే, అంటే పట్టా రెండుగా చీలే చోటికే, తెచ్చి కలుపు. ఉరిముడి ఆకారం అన్నమాట. బండి ఆ చుట్టు తిరిగి వచ్చిన దారినే వెనక్కి వస్తుంది, ఇంజను మార్చే పని లేదు. పెద్ద పెద్ద స్టేషన్లలో అట్లాంటివి నా కళ్లతో చూశాను. పటం గీసి పంపుతున్నాను. ఇది సమాచారమే, సాయం కాదు.

నీ తమ్ముడు
దామోదర్


బెంగళూరు
30 ఆగస్టు 1998

దామోదర్‌కు,

వినాయకచవితి వెళ్లింది. ప్లాట్‌ఫారం అయింది, నాన్న గది అయింది, మూడో కిటికీకి అట్ట పెట్టాను. నీ పటంలోని చుట్టు కూడా పూర్తి చేశాను. బండి మాత్రం నడవడం లేదు.

జరిగింది క్రమంగా చెబుతాను. చుట్టులో ఆఖరి పట్టాముక్క బిగించిన క్షణానే కంట్రోలరు పెట్టె మీద ఎర్రదీపం వెలిగి కరెంటు ఆగిపోయింది. ఎక్కడో రెండు పట్టాలూ ఒకదానినొకటి తాకుతున్నాయని దాని అర్థం. ఆ రోజే పట్టాల మధ్య కంకర పరిచి, నీళ్లు కలిపిన బంకతో అతికించాను. వానాకాలపు తడికి బంక ఆరలేదేమో అనుకుని మూడు రోజులు ఎదురు చూశాను. ఆరింది, దీపం ఆరలేదు. పట్టాల సందుల్లో చీమలున్నాయేమోనని కుంచెతో ఊడ్చాను. ఇంజను తీసి పక్కన పెట్టినా దీపం వెలుగుతూనే ఉంది. ఆఖరి ముక్క తీస్తే ఆరుతుంది, పెడితే వెలుగుతుంది. ఆ ముక్కలోనే లోపమనుకుని మార్చాను. ఇప్పటికి మూడు ముక్కలు మార్చాను.

నీ చుట్టును మాత్రం అనుమానించలేదు. పట్టా విషయంలో వే ఇన్‌స్పెక్టరు మాటకు స్టేషను మాస్టరు ఎదురు చెప్పకూడదని నాన్న నియమం. ఆయన ఇంట్లో పెరిగినదాన్ని, ఆ అలవాటు నాకు పోలేదు.

పక్కింటి జయమ్మ వచ్చి చూసి, "ఏమక్కా, రైలు కదల్లేదా? మా ఇంట్లో మిక్సీ కూడా అంతే, ఒక్క దెబ్బ వెయ్యి" అని సలహా ఇచ్చింది. ఆమెకు కాఫీ ఇచ్చి పంపాను.

తులసమ్మ


గుంతకల్లు
7 సెప్టెంబరు 1998

అక్కకు నమస్కారాలు.

చుట్టు వల్ల బండి ఆగడం నా సర్వీసులో చూడలేదు, వినలేదు. పట్టా ఎటు తిరిగినా పట్టానే. తప్పు నీ తీగల్లో ఉంది. సోల్డరింగు ఎక్కడో కారి ఉంటుంది. కళ్లు కూడా మునుపటిలా ఉండవు కదా.

నేను వచ్చేస్తాను. రెండు రోజుల్లో సరిచేసి పెడతాను. ఈ వయసులో నువ్వు మేజా కింద దూరడమేమిటి? పడితే చూసేవాళ్లెవరు? ఏ రోజు రావాలో ఒక కార్డు ముక్క వ్రాయి.

దామోదర్


బెంగళూరు
16 సెప్టెంబరు 1998

దామోదర్‌కు,

భోజనానికి ఎప్పుడైనా రా. పనికి మాత్రం రావద్దు.

నా కళ్లు సరిగానే ఉన్నాయి. సోల్డరింగు ప్రతి అతుకూ భూతద్దం పెట్టి చూశాను, ఒక్కటీ కారలేదు. ముప్పై రెండేళ్లు కాలేజీలో ఆడపిల్లలకు విద్యుత్తు పాఠం చెప్పిన చేతులివి.

ఒక మాట ఏనాడూ అనలేదు, ఇప్పుడు అంటాను. నాన్న రైల్వే దరఖాస్తు ఫారం ఒక్కటే తెచ్చాడు. బి.ఎస్సీ. ప్యాసయినది నేను, ఫారం నీ చేతికి ఇచ్చాడు. నువ్వు అడగలేదు, కనుక తప్పు నీది కాదు. నాకు కాలేజీ ఉద్యోగం దొరికింది, దానికి నేనూ చింతించలేదు. అయినా ఈ పద్నాలుగు అడుగుల రైల్వే నాది. ఇందులో ఏది చెడినా నేనే పట్టుకోవాలి. నువ్వు వచ్చి బాగుచేస్తే, డిసెంబరులో నా పేరు పక్కన నిలబడే అర్హత నాకు ఉండదు. బండి నడవకపోతే నడవలేదని ఆ సభలో నేనే చెప్పుకుంటాను.

రాలేకపోయానని నొచ్చుకోకు. రానివ్వనిది నేను.

తులసమ్మ


బెంగళూరు
25 అక్టోబరు 1998

తమ్ముడు దామోదర్‌కు,

దొరికింది!

దీపావళి మరునాడు, స్వెట్టరు అల్లగా మిగిలిన ఊలు ఉండలు రెండు తీశాను, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. స్టేషను దగ్గర ఎడమ పట్టా మీద ఎర్రదారం, కుడి పట్టా మీద తెల్లదారం పెట్టి, పట్టా వెంట వేలితో నొక్కుకుంటూ నడిచాను. ఎక్కడా దాటవేయలేదు. పాయింటు దాటాను, చుట్టులో ప్రవేశించాను, గుండ్రంగా తిరిగాను, మళ్లీ పాయింటుకు వచ్చాను. ఎర్రదారం వచ్చి ఎక్కడ ఆగిందో తెలుసా? సరిగ్గా తెల్లదారం ఉన్న పట్టా మీద.

అంటే ఎడమ పట్టా చుట్టు తిరిగి వచ్చి కుడి పట్టాను పట్టుకుంటున్నది. ముక్క మంచిదే, బంక మంచిదే, నా తీగలు అంతకన్నా మంచివి. తప్పు నీ పటంలో ఉంది. మీ బండికి శక్తి బొగ్గులో ఉండేది. పట్టా ఎటు తిరిగినా దానికి పట్టింపు లేదు. నా బండికి శక్తి పట్టాలోనే ఉంది. ఈ తేడా వే ఇన్‌స్పెక్టరుకు తట్టకపోవడంలో వింత లేదు. విద్యుత్తు పాఠం చెప్పిన నాకు రెండు నెలల పాటు తట్టకపోవడమే వింత. క్లాసులో ఒక పిల్ల ఇలా చేసి ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని.

మందు కూడా దొరికింది. చుట్టు మొదట్లో రెండు పట్టాలనూ, చివర్లో రెండు పట్టాలనూ కంసాలి రంపంతో కోసి, ఆ సందుల్లో ప్లాస్టిక్ పలుకులు ఇరికించాను. చుట్టు ఇప్పుడు కరెంటుకు వేరే ఊరు. కరెంటు సామాను అమ్మే ఎస్.పి. రోడ్డులో ఆరు కాళ్ల స్విచ్చి ఒకటి కొన్నాను. బండి మొత్తం చుట్టులో ఉన్నప్పుడు ఆ స్విచ్చి తిప్పితే బయటి లైనులో ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. బండి ఆగకుండా బయటికి వస్తుంది. నిన్న పదహారుసార్లు వెళ్లి పదహారుసార్లు వచ్చింది. జయమ్మ చప్పట్లు కొట్టి, "దెబ్బ వేశావా అక్కా?" అన్నది.

గర్వంగా ఉంది. దాచుకోవడం చేతకాదు, చేతనైనా దాచుకోను.

తులసమ్మ


గుంతకల్లు
4 నవంబరు 1998

అక్కకు,

నీ ఉత్తరం అందింది. నీ బండి నడిచినందుకు సంతోషం.

తప్పు నాదని రెండుచోట్ల చదివాను, లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిదేళ్లలో నా పట్టా మీద ఒక్క బండి కూడా కిందికి దిగలేదు. అసలు రైళ్లు చూసుకున్నవాడిని. ఆటబొమ్మల పట్టాల సంగతి నాకు తెలియదు. ఇకమీదట తెలియని వాటిలో మాట ఇవ్వను.

దామోదర్


బెంగళూరు
24 నవంబరు 1998

దామోదర్‌కు,

నెల రోజులుగా నీకు ఉత్తరం వ్రాయలేదు. 'ఆటబొమ్మ' అన్నావు. జయమ్మ అంటే నవ్వుకుంటాను. నాన్న గదికి మూడో కిటికీ ఎలా ఉండేదో చెప్పినవాడు అంటే నవ్వలేను. అయినా ఆ కోపం తగ్గిపోయేదే. ఈరోజు తపాలాలో ప్రదర్శన ఆహ్వానం రాకపోయి ఉంటే.

అచ్చు కార్డు అది. ఏడో వరుసలో ఇలా ఉంది: 'చిన్నగుట్ట స్టేషను. కె. దామోదర్, విశ్రాంత వే ఇన్‌స్పెక్టరు గారి మార్గదర్శకత్వంలో. సహకారం: కె. తులసమ్మ.'

సహకారం! నా ముందుగదిలో, నా బల్ల మీద, నా రంపంతో నేను కోసిన పట్టాలకు నేను సహకరించానట!

సంఘం కార్యదర్శి గంగప్పకు ఫోను చేశాను. "మేడం, దామోదర్ సారు కింద నేను గుంతకల్లులో పని చేసినవాణ్ణి. సారే ఫోన్లో చెప్పినారు. అచ్చయిపోయినాయి, ఇప్పుడు ఏం చేసేది?" అన్నాడు. ఏం చెప్పావు దామోదర్? రానివ్వనంటే, కాగితం మీద వచ్చి కూర్చున్నావా? ఒక ఫారం నీకు దక్కింది. ఇది కూడా కావలసి వచ్చిందా?

జవాబు సూటిగా వ్రాయి.

తులసమ్మ


గుంతకల్లు
1 డిసెంబరు 1998

అక్కకు నమస్కారాలు.

సూటిగానే వ్రాస్తున్నాను.

గంగప్ప ఫోను చేసింది జూలైలో. నీ దరఖాస్తులో చిన్నగుట్ట పేరు చూసి, "సార్, మీ ఊరు కదా ఇది, ఈ తులసమ్మ మీకేమవుతారు?" అని అడిగాడు. మా అక్క అన్నాను. చుట్టు పటం నేనే గీసి ఇచ్చానన్నాను. అంతవరకే చెప్పి ఉంటే బాగుండేది. ఎన్నాళ్లకో ఒకడు నన్ను సార్ అని పిలిచాడక్కా. ఆ ఊపులో పావుగంట మాట్లాడాను. అంతా నేను చెబితే నువ్వు చేస్తున్నట్టు వినిపించి ఉంటుంది. నేను అబద్ధం ఆడలేదు. అతను అట్లా అనుకుంటున్నాడని తెలిసి కూడా, కాదని అనలేదు. అది అబద్ధం కన్నా తక్కువేమీ కాదు.

నిన్న గంగప్పకు చెప్పాను. అచ్చు మార్చలేనన్నాడు. వచ్చినవాళ్లందరికీ నోటితో చెబుతానన్నాడు. అది చాలదని నాకు తెలుసు.

ఫారం సంగతి. నాన్న నా చేతికి ఇచ్చిన రోజు నువ్వు ఇంట్లోనే ఉన్నావు, బావి దగ్గర బట్టలు ఆరవేస్తున్నావు. అక్కకు ఎందుకు తేలేదని నేను అడగలేదు. పదిహేడేళ్లవాణ్ణి, సంతోషంలో ఉన్నాను. ఆటబొమ్మ అన్నది మాత్రం ఒళ్లుమండి అన్నాను. నువ్వు చేసింది ఆటబొమ్మ కాదు.

దామోదర్


గుంతకల్లు
15 డిసెంబరు 1998

అక్కకు నమస్కారాలు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. ఆదివారం బెంగళూరు వచ్చాను. టికెట్టు కొనుక్కుని ఆ హాల్లోకి వచ్చి, నీ బల్లకు ఎదురుగా స్తంభం వెనకాల నిలబడ్డాను. గంగప్ప చూసి పరిగెత్తుకొచ్చాడు. నోరు తెరవవద్దన్నాను.

చిన్నగుట్ట చూశాను. చాలాసేపు చూశాను. ప్లాట్‌ఫారం అంచుకు సున్నం గీత కూడా వేశావు.

నీ బల్ల ముందు నిలబెట్టిన అట్ట చదివాను. 'నిర్మాణం: కె. తులసమ్మ, బి.ఎస్సీ. చుట్టు ఆలోచన: తమ్ముడు కె. దామోదర్, విశ్రాంత వే ఇన్‌స్పెక్టరు. చుట్టులోని దోషం కూడా ఆయనదే. సవరణ: కె. తులసమ్మ.' నా పక్కనున్నాయన పైకి చదివి, "ఏమప్పా, ఈ అక్కాతమ్ముళ్లు బాగా కొట్లాడుకున్నట్టు ఉండారే!" అన్నాడు. నేనూ నవ్వాను.

తర్వాత బండి ఆగిపోయింది. ఎవరో ఒకామె నిన్ను ఏదో అడిగింది, నువ్వు జవాబు చెబుతున్నావు, ఇంతలో బండి చుట్టు చివరికి వచ్చేసింది. ఎర్రదీపం వెలిగింది. వెనకాల ఒకడు, "నిలిచిపాయె చూడు. పెద్దామె కదా, ఆమెకేం తెలుస్తాది? ఎవురన్నా మెకానిక్కును పిలవండప్పా" అన్నాడు. ఇంకొకడు, "ఉండప్పా, ఏందో చేస్తా ఉండాది" అన్నాడు.

నీ ఉత్తరం నాకు కంఠతా వచ్చు కాబట్టి, స్విచ్చి తిప్పాలని నాకు అర్థమైంది. చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. ఒక అడుగు వేశాను కూడా. మళ్లీ చెయ్యి జేబులో పెట్టుకుని స్తంభం వెనక్కి వచ్చేశాను. నువ్వు ముందు ఆమెకు జవాబు పూర్తిగా చెప్పావు. తర్వాత స్విచ్చి తిప్పావు. దీపం ఆరింది. బండి బయటికి వచ్చి నాన్న స్టేషనుకు చేరింది. జనం చప్పట్లు కొట్టారు.

మెకానిక్కును పిలవమన్నవాడి భుజం తట్టి, "ఆమె మా అక్క. నేను తప్పు పటం గీసిస్తే సరిచేసింది ఆమే" అన్నాను. వాడు బెదిరిపోయాడు. నా గొంతు కాస్త పెద్దదే.

సాయంకాలం బండికి వచ్చేశాను.

దామోదర్


బెంగళూరు
22 డిసెంబరు 1998

తమ్ముడు దామోదర్‌కు అక్క దీవెనలు.

బెంగళూరు దాకా వచ్చి ఇంట్లో అన్నం తినకుండా పోయావు. అందుకు నిన్ను వేరుగా తిడతాను. ఈ ఉత్తరంలో చోటు చాలదు.

స్తంభం లావు ఎంతో, నీ పొట్ట ఎంతో నువ్వు చూసుకోలేదు. నువ్వు వచ్చిన పది నిమిషాలకే నిన్ను చూశాను. ఎర్రదీపం వెలిగినప్పుడు నీ చెయ్యి బయటికి రావడం చూశాను, తిరిగి జేబులోకి పోవడమూ చూశాను. ఆ ఆడమనిషి అడిగిన ప్రశ్నకు నేను అంత నిదానంగా జవాబు చెప్పింది ధైర్యం వల్ల కాదు. నువ్వు వస్తావేమో చూద్దామని ఆగాను. నువ్వు ఇంకొక్క అడుగు ముందుకు వేసి ఉంటే, ఈ జన్మకు నిన్ను క్షమించేదాన్ని కాదు. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నావు గనుక, నిశ్చింతగా స్విచ్చి తిప్పాను.

నాకు ఏ బహుమతీ రాలేదు. మొదటిది ఒక డాక్టరుగారి పర్వతాల రైలుకు ఇచ్చారు, బాగుంది, ఇవ్వదగినదే. నా బల్ల దగ్గర మాత్రం రెండు రోజులూ జనం తగ్గలేదు. ముగింపు సభలో గంగప్ప నా పేరు పూర్తిగా, బి.ఎస్సీ.తో సహా చదివాడు. సహకారం అన్న మాటకు అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. అతనికి ఎవరు నేర్పారో నాకు తెలుసు.

ఇప్పుడు అసలు విషయం. చిన్నగుట్ట నుంచి పక్క స్టేషను దాకా లైను పొడిగించాలని నిశ్చయించాను. మధ్యలో వాగు, దాని మీద వంతెన. ఆ ఎత్తులో పట్టా ఎంత వంపు తిరగవచ్చో, ఎంత ఏటవాలు ఎక్కవచ్చో నాకు తెలియదు. పుస్తకాలలో ఉన్న లెక్క నాకు నచ్చలేదు. పట్టా వేయడం నువ్వు చేయాలి. ఇది సాయం కాదు, ఉద్యోగం. షరతులు ఇవి: పటం గీసి ముందుగా నాకు పంపాలి. నేను ఎర్రదారం, తెల్లదారం పెట్టి పరీక్షించి, కింద సంతకం చేసేంతవరకు ఒక్క ముక్క కూడా బిగించకూడదు. పట్టా నీ శాఖ, కరెంటు నా శాఖ. ఒకరి శాఖలో ఒకరు వేలు పెట్టరాదు. అట్ట మీద పేర్లు ఇద్దరివీ ఉంటాయి, నాది పైన.

అంగీకారమైతే దరఖాస్తు పెట్టుకో. తెల్లకాగితం మీద, నీ చేతివ్రాతతో, అనుభవం ఎన్నేళ్లో స్పష్టంగా వ్రాయి. ఒక్క దరఖాస్తే వస్తుంది గనుక పోటీ ఉండదు. అయినా నేను పరిశీలించే ఇస్తాను.

నీ అక్క
కె. తులసమ్మ, బి.ఎస్సీ.